రౌటర్ టేబుల్‌కు ఎత్తైన ఫెన్స్: ఏ రకం ఎవరికి సరిపోతుంది?

రౌటర్ అంటే చెక్క అంచుల్నీ గాళ్లనూ కోసే యంత్రం. దాన్ని బల్ల కింద బిగించి, తిరిగే కోత ముక్క (బిట్) పైకి పొడుచుకొచ్చేలా పెడితే రౌటర్ టేబుల్. చెక్కను ఆనించి నెట్టడానికి దాని మీద ఉండే నిలువు గోడ ఫెన్స్. రెండడుగుల పలకను అంచు మీద నిలబెట్టి, మూడంగుళాల ఫెన్స్‌కు ఆనించి, తిరుగుతున్న బిట్ మీదుగా ఒక్కసారైనా నెట్టినవాళ్లకు ఆ టెన్షన్ గురించి వేరే చెప్పక్కర్లేదు. కింది అంచు బిట్‌ను తాకగానే పై కొస ఊగుతుంది. ఒక చేయి నెట్టడానికి, ఒక చేయి ఫెన్స్‌కేసి అదమడానికి సరిపోతే, పైన పట్టుకోవడానికి మూడో చేయి ఎక్కణ్నుంచి తేవాలి? ఆ ఊగుడులో పలక అర మిల్లీమీటరు ఒరిగినా అంచు వెంబడి అల పడుతుంది. గరుకు కాగితం పెట్టి రుద్దినకొద్దీ ఆ అల పోకపోగా, పాలిష్ వేశాక ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

ఎత్తైన ఫెన్స్ కట్టుకుందామని కూర్చుంటే దారులు చాలానే ఉన్నాయి. ఉన్న ఫెన్స్‌కే ఎత్తు పలక బిగించుకోవచ్చు. వెనక ముక్కోణపు దన్నులతో ఎల్ ఆకారంలో విడిగా ఒకటి కట్టుకోవచ్చు. ఫెన్స్ మీద గుర్రపు జీనులా కూర్చుని జారే బండి చేసుకోవచ్చు. పెట్టె ఫెన్స్, అల్యూమినియం ఫెన్స్ కూడా ఉన్నాయి గానీ వాటి గురించి రెండు ముక్కలు చాలు. వీటిలో ఏది గొప్పదని అడిగితే జవాబు ఉండదు. మీ చేతిలో ఉన్న చెక్క ఎంత ఎత్తు, నిలబెడితే దాని కాలివైపు ఎంత వెడల్పు, ఇప్పుడున్న ఫెన్స్ ఎంత గట్టిది అని అడిగితే జవాబు దానంతటదే తేలుతుంది.

అసలు అవసరమా?

కట్టడానికి ముందు ఇది ఒకసారి చూసుకోండి. ఎత్తు ఫెన్స్ గానీ జారే బండి గానీ కావాల్సిన పనులు నాలుగే: తలుపు పలకల అంచుల్ని నిలువు ప్యానెల్ బిట్‌తో ఫ్రేము గాడిలో దూరే నాలుకలా ఏటవాలుగా పలచన చేయడం, లాక్ మైటర్ మూలలు (రెండు చెక్కలు ఏటవాలుగా కలిసి ఒకదానిలో ఒకటి ఇరుక్కునే అతుకు), సొరుగు పక్కచెక్కల కొసలకు డవ్‌టెయిల్ నాలుక (పావురం తోకలా విచ్చుకున్నది) తీయడం, వెడల్పైన పలక అంచులో నిట్టనిలువు గాడి. ఇవేవీ చేయనివాళ్లు, గుండ్రటి అంచులూ చిన్న గాళ్లూ తీసుకునేవాళ్లు ఈ శ్రమ పెట్టుకోనక్కర్లేదు.

తలుపు పలకల విషయంలో ఇంకో దారి ఉంది. అడ్డంగా కోసే ప్యానెల్ బిట్ వాడితే పలక టేబుల్ మీద పడుకునే ఉంటుంది, ఎత్తు ఫెన్స్ ఊసే రాదు. కానీ ఆ బిట్ అడ్డుకొలత మూడుంపావు నుంచి మూడున్నర అంగుళాలు. మూడున్నర అంగుళాలంటే సుమారు 89 మి.మీ. అంత బిట్ 10,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గరే అంచున సెకనుకు 46 మీటర్ల పైచిలుకు వేగం అందుకుంటుంది. రౌటర్‌ను దాని పూర్తి వేగం 22,000కు వదిలేస్తే 100 మీటర్లు దాటిపోతుంది. అందుకే వేగం తగ్గించుకునే వీలూ, 2 హెచ్‌పీకి పైబడిన బలమూ లేని రౌటర్‌కు ఆ బిట్ తగిలించకూడదు. నిలువు బిట్ అడ్డుకొలత ఒకటిన్నర అంగుళం, అంటే 38 మి.మీ. మాత్రమే. 18,000 ఆర్‌పీఎం దగ్గర కూడా దాని అంచు వేగం 36 మీటర్ల లోపే. మధ్యరకం రౌటర్ ఉన్నవాళ్లు నిలువు బిట్‌వైపు, దాంతోపాటే ఎత్తు ఫెన్స్‌వైపు మొగ్గేది ఇందుకే. ఏ బిట్‌కైనా దాని తయారీదారు రాసిచ్చిన గరిష్ఠ వేగమే ప్రమాణం, అది మాత్రం దాటకండి.

ఒక్క మినహాయింపు. పైభాగం విల్లులా వంపు తిరిగిన తలుపు పలకలకు నిలువు బిట్ పనికిరాదు. వంపు అంచు చదునైన టేబుల్ మీద ఆనదు కదా. అలాంటి పలకలు చేయాలనుకుంటే ఎత్తు ఫెన్స్ ఎంత బాగా కట్టినా వృథా. చెక్క అంచు వెంట దొర్లే బేరింగ్ ఉన్న పెద్ద బిట్, దాన్ని మోయగల రౌటర్ కావాల్సిందే.

రౌటర్‌నే పక్కకు పడుకోబెట్టి, పలకను చదునుగా తోసే పద్ధతి కూడా ఉంది. నిలువు బిట్ వాడుతూనే పలకను పడుకోబెట్టుకోవచ్చు కాబట్టి ఆలోచన బంగారం లాంటిదే. అయితే అది ఫెన్స్ పని కాదు, ఇంకో టేబుల్ కట్టే పని. వారానికి పది తలుపులు చేసేవాళ్లు ఆలోచించుకోవచ్చు.

నేను చేసిన పొరపాటు

నా మొదటి ఎత్తు ఫెన్స్ అరగంటలో తయారైంది. 18 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో అదిమి చేసే పలక) ముక్క 250 మి.మీ. ఎత్తు కోసి, ఉన్న ఫెన్స్‌కు రెండు బోల్టులతో బిగించాను. మూలమట్టం పెట్టి చూస్తే సన్నటి వెలుతురు కూడా దూరలేదు, అంత సూటిగా ఉంది. అదే రోజు ఆరు పలకలు లాగేశాను. ఫ్రేముల గాడిలో పెట్టబోతే కొన్ని వదులుగా గలగలమన్నాయి, కొన్ని సగంలోనే ఇరుక్కున్నాయి. కాలిపర్ (మందం కొలిచే పనిముట్టు) పెట్టి చూస్తే ఒకే పలకలో ఒకే అంచున నాలుక మందం ఒకచోట 6 మి.మీ., ఇంకోచోట 5.3. బిట్ తప్పనుకున్నాను, పలకల మందంలో తేడా అనుకున్నాను. తప్పు నా అరచేతిది. పలక ఊగుతుందన్న భయంతో పైన గట్టిగా అదిమినచోటల్లా ఫెన్స్ వెనక్కి వాలింది. ఫెన్స్ వెనక్కి పోతే బిట్ ఇంకాస్త బయటికి వచ్చినట్టే. అక్కడ కోత లోతై నాలుక పలచనైంది.

లెక్క చూస్తే ఇందులో వింతేం లేదు. 75 మి.మీ. ఎత్తున అదిమితే ఫెన్స్ కాలి మీద ఎంత బలం పడుతుందో, అదే చేత్తో 250 మి.మీ. ఎత్తున అదిమితే అంతకు మూడింతలకు పైగా పడుతుంది. పొట్టి ఫెన్స్‌ను పట్టి ఉంచడానికి చేసిన బిగింపుల మీద మనం పెద్ద మీట వేసినట్టు. ఎత్తు పెంచినకొద్దీ వెనక దన్ను కూడా పెరగాలన్న సంగతి నాకు ఆరు పలకలు పాడయ్యాక ఎక్కింది.

మీ ఫెన్స్ ఎంతవరకు తట్టుకుంటుందో కాగితంతో తెలుసుకోవచ్చు. ఎత్తు పలకను క్లాంపులతో తాత్కాలికంగా బిగించండి. మూలమట్టాన్ని టేబుల్ మీద నిలబెట్టి ఫెన్స్‌కు ఆనించండి. మూలమట్టానికీ ఫెన్స్‌కీ మధ్య కింద ఒక కాగితం పీలిక, పైన ఒక పీలిక పెట్టి రెండూ బిగువుగా పట్టేలా చూసుకోండి. మామూలు రాత కాగితం మందం సుమారు 0.1 మి.మీ. ఇప్పుడు పని చేసేటప్పుడు ఎంత బలంతో అదుముతారో అంతే బలంతో ఫెన్స్ పై అంచును బొటనవేలితో వెనక్కి నొక్కి, రెండో చేత్తో పై పీలికను లాగండి. రాకుండా పట్టే ఉంటే ఆ ఫెన్స్ చాలు. జారి చేతిలోకి వచ్చేస్తే మీకు కావాల్సింది దన్నులున్న ఫెన్స్.

మొదటి రకం: ఉన్న ఫెన్స్‌కు బిగించే పలక

కాగితం పరీక్షలో నెగ్గినవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. ఏడాదికి రెండు మూడుసార్లు పని పడేవాళ్లకు ఇంతకు మించి అక్కర్లేదనే నా అభిప్రాయం. తీసి గోడకు తగిలిస్తే జాగా కూడా తినదు.

బిగించే పలక ఒకే ముక్కగా ఉండాలి. చాలా ఫెన్స్‌లకు ముందరి ముఖాలు రెండు ముక్కలుగా ఉండి, బిట్‌కు దగ్గరగా దూరంగా జరుగుతాయి. ఆ రెండూ ఒకే వరుసలో లేకపోతే కోసే పలక బిట్ దాటుతుండగా తట్టుకుంటుంది. ఒకే ముక్కను రెండిటి మీదా పరిస్తే ఆ బాధ తప్పుతుంది. బోల్టు తలలు ముఖం లోపలికి 2 మి.మీ. అయినా దిగాలి, లేదంటే కోసే పలక మీద గీతలు పడతాయి. తలలు దిగే గుంటలు కాస్త లోతుగా తీసి, బోల్టులు బిట్‌కు దూరంగా ఉండేలా చూసుకోండి. ఎప్పుడైనా బిట్ లోహాన్ని తాకిందంటే ఆ బిట్ సంగతి సరే, అక్కడున్నవాళ్ల సంగతేంటి?

ఈ రకానికే చిన్న మెరుగు ఒకటుంది. ఎత్తు పలక వెనక, పాత ఫెన్స్‌కు అటూ ఇటూ, టేబుల్ మీద కాలు ఆనేలా రెండు ముక్కోణాలు స్క్రూ చేస్తే సగం ఎల్ ఫెన్స్ అయిపోతుంది. పాత ఫెన్స్ బ్రాకెట్లు అడ్డం రాకుంటే ఇది చేసి చూడండి. పరీక్షలో కొద్దిలో తప్పిన ఫెన్స్‌లు చాలావరకు దీంతో దారికొస్తాయి.

రెండో రకం: ఎల్ ఆకారపు ఫెన్స్

నేను ఇప్పుడు వాడేది ఇదే. కొలతలు: ముఖం 800 మి.మీ. పొడవు, 200 ఎత్తు. అడుగు పలక 800 పొడవు, 150 వెడల్పు. వెనక నాలుగు ముక్కోణాలు, అన్నీ 18 మి.మీ. ప్లైవుడ్‌వే. బరువు నాలుగు కిలోల లోపే. పాత ఫెన్స్ తీసేసి దీన్ని టేబుల్ మీద పెట్టి, రెండు కొసలా క్లాంపు వేస్తే అయిపోయింది.

కట్టే క్రమం తప్పితే చిక్కు. జిగురు పెట్టకముందే బిట్ కోసం రంధ్రాలు కోసేయండి. అడుగు పలక ముందు అంచులో మధ్యగా 75 మి.మీ. వెడల్పు ఖాళీ, ముఖంలో దానికి ఎదురుగా వాడబోయే బిట్ కన్నా కొద్దిగా పెద్ద ద్వారం. అతికించాక ఇవి కోయాలంటే రంపం లోపలికి పోదు. ముఖం అడుగు పలక మీద నిలబడకూడదు, దాని ముందు అంచును కప్పుతూ టేబుల్ దాకా దిగాలి. అప్పుడు చెక్క ఆనే ముఖం పై నుంచి కింది దాకా ఒకటే అవుతుంది. ముఖం కింది అంచున 3 మి.మీ. మేర చిన్న గాడి తీయండి. పొట్టు అందులోకి పోతుంది. ఇది లేకపోతే ఒక్క పొట్టు పీలిక చెక్కకూ ఫెన్స్‌కూ మధ్య కూర్చుని మీరు పడ్డ శ్రమంతా నాశనం చేస్తుంది.

ఫెన్స్ మొత్తం సూటిదనం ముక్కోణాల్లోనే ఉంది. నాలుగూ ఒకేసారి ఒకే అమరికలో కోయండి. ఒక్కోదాన్నీ మూలమట్టంతో చూడండి. మూలమట్టం మీదే అనుమానం ఉంటే పలక అంచుకు ఆనించి గీత గీసి, దాన్ని తిరగేసి అదే బిందువు నుంచి మళ్లీ గీయండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే మూలమట్టం నిజం చెబుతున్నట్టే. ముక్కోణాల లోపలి మూలను 10 మి.మీ. మేర కొట్టేయండి. ముఖమూ అడుగూ కలిసేచోట పొంగిన జిగురు గడ్డకట్టి ముక్కోణాన్ని ఎత్తిపడితే, ఎంత బాగా కోసినా 90 డిగ్రీలు రావు. రెండు ముక్కోణాలు ద్వారానికి అటూ ఇటూ దగ్గరగా రావాలి. బలం పడేది అక్కడే, పొట్టు లాగే పెట్టెకు గోడలుగా పనికొచ్చేవీ అవే.

జిగురు పెట్టి బిగించడం రౌటర్ టేబుల్ మీదే చేయండి. మధ్యలో ప్లాస్టిక్ కాగితం పరిస్తే టేబుల్‌కు అంటుకోదు. రేపు ఏ తలం మీద పని చేయాలో ఆ తలం మీదే పుట్టిన ఫెన్స్ దానికి తగ్గట్టు ఉంటుంది. ఆరాక చూస్తే వెంట్రుకవాసి తేడా ఉండొచ్చు, కంగారు పడకండి. ముఖం వెనక్కి వాలి ఉంటే అడుగు పలక వెనక అంచు కింద మాస్కింగ్ టేపు ఒక పొర, ముందుకు వాలి ఉంటే ముందు అంచు కింద.

ఎంత తేడాను ఓర్చుకోవచ్చు? 200 మి.మీ. ఎత్తులో అర మిల్లీమీటరు వాలు అంటే 0.14 డిగ్రీలు. తలుపు పలక అంచుకు అది లెక్కలోకి రాదు, కంటికి ఆనదు. లాక్ మైటర్ దగ్గర మాత్రం కథ వేరు. అందులో ఒక చెక్క టేబుల్ మీద పడుకుని కోతపడుతుంది, దాని జతది ఫెన్స్‌కు ఆని నిలబడి కోతపడుతుంది. టేబుల్‌కూ ఫెన్స్‌కూ మధ్య కోణంలో ఎంత తప్పుందో పెట్టె మూలలో అంత తప్పూ వచ్చి కూర్చుంటుంది. ఆ 0.14 డిగ్రీలే 300 మి.మీ. పెట్టె గోడ చివర ముప్పావు మిల్లీమీటరు అవుతుంది. తలుపులకే అయితే ఒక్కసారి సరిచూసుకుంటే చాలు. లాక్ మైటర్ చేసేవాళ్లు ప్రతిసారీ బిగించాక మూలమట్టం పెట్టాల్సిందే.

ఈ ఫెన్స్ టేబుల్ అంచుకు సమాంతరంగా ఉండాలని కొలతలు కొలిచి అలసిపోయేవాళ్లున్నారు. ఆ పని అక్కర్లేదు. బిట్ గుండ్రటిది, ఫెన్స్ ఎటు తిరిగినా దానికి ఒకటే. ఒక కొస గట్టిగా బిగించి రెండో కొసను జరపండి. బిట్ నడిమధ్యలో ఉంది కాబట్టి కొస 1 మి.మీ. జరిగితే బిట్ దగ్గర అర మి.మీ. మాత్రమే మారుతుంది. సన్నని సర్దుబాటుకు ఇంతకన్నా సులువు ఉపాయం ఇంకోటి చూడలేదు. చెక్కను మైటర్ గేజ్‌తో (టేబుల్ గాడిలో జారుతూ చెక్కను కోణంలో పట్టే పనిముట్టు) ఆ గాడి వెంట నెట్టేటట్టయితే మాత్రం ఫెన్స్ ఆ గాడికి సమాంతరంగా ఉండక తప్పదు.

మూడో రకం: ఫెన్స్ మీద జారే బండి

పై రెండిటిలో ఫెన్స్ కదలదు, చెక్క జారుతుంది. ఇందులో చెక్కను ఒక ఎత్తు పలకకు క్లాంపు చేసేస్తాం, ఆ పలక ఫెన్స్‌ను రెండువైపులా కరుచుకుని జారుతుంది. చెక్క ఒరగడానికి ఆస్కారమే లేదు.

సన్నటి చెక్కల కొసలకు దీన్ని మించింది లేదు. 80 మి.మీ. వెడల్పు, 500 పొడవు ఉన్న సొరుగు పక్కచెక్కను కొస మీద నిలబెట్టారనుకోండి. ద్వారమే 50 మి.మీ. ఉంటే, మధ్యలో ఒక క్షణం చెక్క కాలికి రెండువైపులా కలిపి 30 మి.మీ. ఆధారమే మిగులుతుంది. ముందు కొస గుంటలోకి దిగబడిందంటే బిట్ లాగేసుకుంటుంది. ఇక్కడ ఫెన్స్ ఒక మీటరు ఎత్తున్నా కాపాడలేదు, ఎందుకంటే జారుతున్నది పై కొస కాదు, కాలు. నిలబెట్టిన చెక్క కాలి వెడల్పు 120 మి.మీ. లోపుంటే నేను బండి వైపే వెళ్తాను.

బండికి వెనక నిలువుగా ఒక ఆనింపు చెక్క స్క్రూ చేస్తాం. అది చెక్కను 90 డిగ్రీల్లో నిలబెడుతుంది, బిట్ బయటికి వచ్చేచోట పెచ్చు లేవకుండా కూడా ఆపుతుంది. కోతలు పడి పడి అది అరిగిపోతుంది, అరిగినప్పుడు మార్చేసేలా రెండే స్క్రూలతో పెట్టండి. ఆ స్క్రూలు కోత ఎత్తుకు బాగా పైన ఉండాలి.

దీని ఇబ్బంది దీనికుంది. కింద ఉన్న ఫెన్స్ మందం పొడవునా ఒక్కటిగా ఉండాలి. లావుసన్నాలుంటే బండి ఒకచోట బిగుసుకుని ఇంకోచోట గలగలమంటుంది. కాగితం దూరేంత సందు ఉంచి, లోపల మైనం రుద్దితే హాయిగా జారుతుంది. వాన కాలంలో చెక్క ఉబ్బి బిగుసుకుంటే మళ్లీ కొద్దిగా సాపు చేయక తప్పదు. 600 మి.మీ. తలుపు పలకను దీనికి కట్టి నెట్టడం మాత్రం అయ్యే పని కాదు, అంత పొడవు బండి చేసినా టేబుల్ చాలదు. అంచేత ఇది ఎల్ ఫెన్స్‌కు పోటీ కాదు, తోడు.

రెండు మూడు చెక్కలే ఉన్నప్పుడు బండి కూడా చేయను. చతురస్రంగా కోసిన వెడల్పాటి చెక్క ముక్కను చెక్క వెనక పెట్టి, రెండిటినీ కలిపి నెడతాను. ముక్క కాలు వెడల్పు కాబట్టి ఆ వెడల్పు సన్నచెక్కకూ అరువొస్తుంది.

పెట్టె ఫెన్స్, అల్యూమినియం ఫెన్స్

నాలుగు పలకలతో పొడవాటి పెట్టెలా కట్టే ఫెన్స్ మెలి తిరగకుండా నిలబడుతుంది, కానీ పొట్టు లాగే గొట్టానికి లోపల దారి ఇవ్వడం చిరాకు పని. 800 మి.మీ. పొడవుకు నాలుగు ముక్కోణాల ఎల్ ఇచ్చే బలం చాలు. మీటరున్నర టేబుల్ ఉన్నవాళ్లు పెట్టె గురించి ఆలోచించాలి. అల్యూమినియం వాడితే నిటారుదనం ఏళ్ల తరబడి మారదు, ఉబ్బదు. కానీ దాని ముందు కోసుకోదగ్గ చెక్క ముఖం ఎలాగూ బిగించాలి, కాబట్టి చివరికి మొదటి రకానికే తిరిగి వస్తాం.

ఏ చెక్కతో?

ఎండీఎఫ్ చదునుగా ఉంటుంది, మందం ఒక్కటిగా ఉంటుంది, ముఖానికి అంతకన్నా ఏం కావాలి? తడి తగిలితే ఉబ్బుతుంది, అంచులో స్క్రూ పట్టదు. ముందుగా రంధ్రం వేయకుండా స్క్రూ దింపితే అంచు పొరలుగా విచ్చుకుంటుంది. ప్లైవుడ్‌కు స్క్రూ పట్టు బాగుంటుంది, కానీ కొన్న షీటు కొద్దిగా వంగి ఉండొచ్చు. ఎంచేటప్పుడు షీటు అంచు మీద కన్ను పెట్టి బారుగా చూడండి. పొరల మధ్య బొక్కలు లేని రకం దొరికితే ఇంకేం ఆలోచించకుండా తీసుకోండి. నా మొగ్గు అడుగుకూ ముక్కోణాలకూ ప్లైవుడ్, ముఖానికి ఎండీఎఫ్. నా దానికి ముఖం కూడా ప్లైవుడ్డే పెట్టాను, ఆ రోజు చేతిలో అదే ఉంది. దుంగ నుంచి కోసిన మామూలు చెక్క మాత్రం వద్దు. ఎండకు ఒకలా, చెమ్మకు ఒకలా ఉండే చెక్కతో కొలత పనిముట్టు చేసుకుని ఏం లాభం?

ముఖానికి సన్‌మైకా అతికిస్తే చెక్క నూనె రాసినట్టు జారుతుంది. అతికించేటట్టయితే రెండువైపులా అతికించండి. ఒకవైపే వేస్తే ఒకపక్క చెమ్మ పీల్చి, ఒకపక్క పీల్చక పలక వంగిపోతుంది. అంత శ్రమ ఎందుకనుకుంటే మైనం రుద్దండి, నెలకోసారి మళ్లీ రుద్దండి.

ఎత్తెంత, ద్వారమెంత

పలక ఎత్తులో సగం ఫెన్స్ ఉంటే హాయిగా ఉంటుంది. 400 మి.మీ. పలకకు 200. అంతకన్నా పెద్ద పలకకూ 200, 250 దగ్గరే ఆగుతాను. 300 దాటితే చేయి ఫెన్స్ పైనుంచి వెనక్కి పోదు, బిట్ దగ్గర ఏం జరుగుతోందో కనపడదు, అంతకంతకు దన్ను కూడా పెంచాలి.

ద్వారం ఎంత చిన్నదైతే అంత మంచిది. వేర్వేరు బిట్‌లు వాడేవాళ్లు ఒకే పెద్ద ద్వారం కోసుకుని అన్నిటికీ దాన్నే వాడుతుంటారు, అక్కడే చెక్క ముందు కొస తట్టుకుంటుంది. పెద్ద ద్వారం కోసి, ఒక్కో బిట్‌కు ఒక్కో పలచటి ముఖం ముందర బిగించుకుంటే సరిపోతుంది. 6 మి.మీ. ఎండీఎఫ్ ముక్కలు ఇందుకు చాలు. ద్వారం వెనక రెండు ముక్కోణాల మధ్య మూత వేసి, వాక్యూమ్ గొట్టానికి రంధ్రం పెట్టండి. ఎండీఎఫ్ పొడి ఊపిరితిత్తులకు చేటు, మాస్కు వేసుకున్నా గొట్టం పెట్టుకోవాల్సిందే.

నెట్టేటప్పుడు

ఎత్తు ఫెన్స్ ఉన్నంత మాత్రాన పైన అదమాలని కాదు. బలం పడాల్సింది కింద, బిట్‌కు కొద్దిగా పైన. టేబుల్ మీద ఒక దిమ్మె పెట్టి, దాని మీద దువ్వెన పలకను (దువ్వెన పళ్లలా చీల్చిన, స్ప్రింగులా తోసే చెక్క) బిగిస్తే అది చెక్కను సరిగ్గా ఆ ఎత్తున ఫెన్స్‌కేసి తోస్తుంది. మరీ కింద పెడితే పలచనైన నాలుకను వంచుతుంది. పై చేయి కేవలం నిలబెట్టడానికే. నా మొదటి ఫెన్స్ దగ్గర ఇలా చేసి ఉంటే సగం పలకలైనా దక్కేవి.

టేబుల్‌లో బిట్ పైనుంచి చూస్తే గడియారానికి ఎదురుదిశలో తిరుగుతుంది. ఫెన్స్ బిట్‌కు వెనక ఉంటే కుడి నుంచి ఎడమకు నెట్టాలి. చెక్కను బిట్‌కూ ఫెన్స్‌కూ మధ్య సందులోంచి ఎప్పుడూ పంపకూడదు, బిట్ దాన్ని మీ చేతిలోంచి లాక్కుని విసిరేస్తుంది. పూర్తి లోతు ఒక్కసారే కోయకండి. నిలువు బిట్‌కు ఎత్తు ముందే సరిచేసి పెట్టుకుని, ఫెన్స్‌ను కొంచెం కొంచెం వెనక్కి జరుపుతూ మూడు నాలుగు విడతల్లో కోస్తే చెక్క కాలదు, మోటారు మూలగదు. తలుపు పలకకు ముందు పోగుకు అడ్డంగా ఉన్న రెండు కొసలు కోసి, తర్వాత పోగు వెంట ఉన్న అంచులు కోయండి. కొసల్లో లేచిన పెచ్చు రెండో కోతలో పోతుంది. బిట్ మార్చేటప్పుడూ ఫెన్స్ ద్వారంలో వేలు పెట్టేటప్పుడూ ప్లగ్ పీకేయండి.

ఇంకొకటి, చాలామంది గమనించనిది. నిలువు బిట్ కోసేది ఫెన్స్‌ను తాకిన ముఖాన్నే. కాబట్టి పలకల మందంలో తేడా ఉంటే ఆ తేడా మొత్తం నాలుకలోకి వస్తుంది. ఫెన్స్ ఎంత సూటిగా ఉన్నా 18 మి.మీ. పలకకూ 18.5 మి.మీ. పలకకూ ఒకే నాలుక రాదు. అన్ని పలకలనూ ముందే ఒకే మందానికి చిత్రిక పట్టుకోండి. ఒక పనికిరాని ముక్కను కూడా అదే మందానికి తెచ్చి, దాంతో మొదట కోసి, ఫ్రేము గాడిలో పెట్టి చూసుకున్నాకే అసలు పలకలు ముట్టుకోండి.

ఇప్పుడేం కట్టుకోవాలి?

ఫెన్స్ గట్టిది, పని అప్పుడప్పుడే అంటే బిగించే పలక. ఫెన్స్ లొడలొడలాడేదైనా, వరసగా తలుపులు చేసే ఆలోచన ఉన్నా, లాక్ మైటర్ మీద మనసున్నా ఎల్ ఫెన్స్. సొరుగు పక్కల్లాంటి సన్న చెక్కలే మీ పని అయితే ఎత్తు ఫెన్స్ జోలికే పోకుండా నేరుగా బండి చేసుకోండి, ఉన్న పొట్టి ఫెన్స్ దానికి సరిపోతుంది. రెండు రకాల పనులూ ఉన్నవాళ్లు ముందు ఎల్ కట్టి, దాని ముఖం మందం పొడవునా ఒక్కటిగా ఉంచి, నాలుగు ముక్కోణాలనూ పై అంచు నుంచి 60 మి.మీ. కిందే ఆపండి. ఆ ఖాళీ ఉంటే బండి కూడా ఇదే ఫెన్స్ మీద కూర్చుంటుంది. నేను ముక్కోణాలను పై దాకా తీసుకెళ్లి అతికించేశాను. ఇప్పుడు బండి పని పడ్డప్పుడల్లా ఎల్ ఫెన్స్ దింపి, పాత పొట్టి ఫెన్స్ బిగించుకుంటున్నాను.